కోడలి మొదటి మాట

"టర్కీ కొండల్లో ఒక ఊరుంది. ఈ గట్టు మీదివాడు ఆ గట్టు మీదివాడితో ఈల వేసి మాట్లాడతాడు. పెళ్ళాన్ని బతిమాలుకోవాలన్నా ఈలే మరి!" అన్నాడు బేగెంచ్, రొట్టె తుంచుకుంటూ.

"అదో వింతా? ఆస్ట్రేలియాలో ఒక జాతివాళ్ళకి కుడీ ఎడమా లేవయ్యా. 'నీ పడమటి కాలి మీద చీమ పాకుతోంది' అంటారు" అన్నాడు తాష్కెంట్ ప్రొఫెసరు.

ముసలి హోజానెపెస్ ఇంట్లో తివాచీ మీద ముగ్గురు భాషాశాస్త్రవేత్తలు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎవరికి తెలిసిన వింత గొప్పదో తేల్చుకుంటున్నారు. గెలిచినవాళ్ళకి పలావులో గొర్రె తోక కొవ్వు ముక్క.

మూడో మనిషి మాయిసా. రాజధాని అష్గాబాద్ నుంచి ఏళ్ళ తరబడి ఈ ఊరికి తిరుగుతోంది. టీ పోసిన ఇంటి కోడలు ఒగుల్‌షాత్ గడప దాటేదాకా ఆగి, గొంతు తగ్గించింది.

"నా వింత ఈ ఇంట్లోనే ఉంది. కొండ భాష పుట్టుకతో వచ్చినవాళ్ళు లోకం మొత్తానికి ఇద్దరే మిగిలారు. మామా, కోడలూ. ఉండేది ఒకే కప్పు కింద. ఇవాళ్టి వరకూ ఒక్క మాట మాట్లాడుకోలేదు."

కొవ్వు ముక్క మారుమాట లేకుండా మాయిసా ముందుకొచ్చింది.

కొత్త కోడలు తలగుడ్డ కొస పంటి కింద పట్టుకుని మామగారి ఎదుట మూగనోము పట్టడం అక్కడి ఆచారమే. ఏడాదికో రెండేళ్ళకో మామగారు శాలువా కప్పి "మాట్లాడు తల్లీ" అంటాడు. ఆపైన ఆ నోటిని మూయించడం ఎవరి తరమూ కాదు. ఒగుల్‌షాత్‌కి మాత్రం ఆ శాలువా అందలేదు. జుట్టు నెరిసింది. మొగుడు పోయాడు. అత్త పోయింది. పంటి కింద గుడ్డ అలాగే ఉంది.

ఎవరడిగినా ముసలాయనది ఒకటే మాట, "ఇంకా టైము రాలేదు." పైగా ఆమె ఆవు పాలు పితికేటప్పుడు పాక గోడ వెనకాల చేరి కూర్చుంటాడు. కోడలు ఎక్కడ నోరు జారుతుందోనని కాపలా అనీ, రాతిగుండె మనిషి అనీ ఊళ్ళో చెప్పుకుంటారు.

భాష దగ్గరా పిసినారే. ఆయన పసితనంలోనే కొండ దిగొచ్చిన కుటుంబం వాళ్ళది. మాయిసాకి ఇచ్చింది ఒక జోలపాట, పదిదాకా అంకెలు, రెండు సామెతలు. ఇంకా అడిగితే, "అన్నీ ఇవాళే చెప్పేస్తే రేపు మా గుమ్మం ఎవరు తొక్కుతారు?" అని కసురుకుంటాడు. మిగతా భాషంతా మాయిసాకి పాకలో కూర్చోబెట్టి కోడలే నేర్పింది.

"ముసలాయనకి పొగరు బాగానే ఉందే" అని గొణిగాడు బేగెంచ్.

"ఉంది. నీకూ కాస్త కావాలా?" అంటూ లోపలికొచ్చాడు హోజానెపెస్. ఆయనవి పాముచెవులు. బేగెంచ్ తల టీ గిన్నెలో దూర్చేశాడు.

మాయిసా ఇక ఉండబట్టలేకపోయింది.

"తాతా, ఆమెకి ఒంట్లో బాగుండటం లేదు. నిన్న నాతో ఏమందో తెలుసా? 'పొద్దస్తమానం ఆవుతోనే మాట్లాడుతున్నానమ్మా. అదెంతకని వింటుంది? చచ్చేలోగా ఒక్కసారి, మా అమ్మ మాటల్లో ఎవరైనా నాకు బదులిస్తే చాలు' అంది. నాది ఆమె దగ్గర నేర్చుకున్న మాట. పుట్టుకతో ఆ మాటలు వచ్చినవాడివి లోకంలో నువ్వొక్కడివే. ఇంకా ఏం టైము రావాలి నీకు?"

ముసలాయన గడ్డం నిమురుకున్నాడు.

"ఆవుతో మాట్లాడుతుందని నాకు తెలుసు. రోజూ వింటాను" అన్నాడు. తర్వాత, "చచ్చేలోగా అందా?" అన్నాడు.

"అంది."

లేచి వెళ్ళి చెక్కపెట్టె తెరిచాడు. అడుగు నుంచి ఎర్ర పట్టు శాలువా తీశాడు. మడతల దగ్గర రంగు వెలిసిపోయింది. ఏనాడు కొన్నాడో ఏమో!

"పిలవండి" అన్నాడు.

ఒగుల్‌షాత్ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. శాలువా చూడగానే గుమ్మంలోనే నిలబడిపోయింది. మాయిసా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆయన ఎదుట కూర్చోబెట్టింది. ముసలాయన శాలువా ఆమె భుజాల మీద కప్పాడు.

"మాట్లాడు తల్లీ" అన్నాడు.

పంటి కింద గుడ్డ జారింది. బేగెంచ్ రికార్డర్ ముందుకు జరిపాడు. ప్రొఫెసరు కలం తీశాడు.

ఒగుల్‌షాత్‌ నోరు తెరిచింది. కొండ భాష ఒక్కసారిగా బయటికి దూకింది. ఏడుస్తూనే మాట్లాడుతోంది. అర్థమైన మాయిసాకీ ఏడుపు ఆగలేదు.

"మామయ్యా, ఇన్నేళ్ళూ నా చేతి టీ మీకు నచ్చిందా? చేదెక్కువైన రోజు ఎలా తాగారో ఏమో" అని అడుగుతోంది ఆ పిచ్చితల్లి.

అడిగి ఊరుకుంది. బదులు కోసం ఆయన నోటి వంకే చూస్తూ, ముందుకు వంగి కూర్చుంది.

ఆ చూపు తప్పించుకుంటూ ముసలాయన మాయిసా చెవి దగ్గరికి ఒరిగి, ఊరందరూ మాట్లాడే తుర్క్‌మెన్‌లో, దొంగలా అడిగాడు: "ఏమంటోందమ్మా?"