గాలి లేని ఆదివారం

“ఫ్యాన్లు ఆపేయండి!”

చర్చిలో అందరూ మొహమొహాలు చూసుకున్నారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఉన్న కాస్త గాలి మీద ఈయనకేం పగో! పాస్టరుగారు మాత్రం ప్రసంగ పీఠం వెనక పొడవాటి తెల్లటి అంగీలో చెమటలు కక్కుతూ, ఆ అంగీని రెండు చేతులా ఒడిసి పట్టుకుని నిలబడ్డారు.

సంఘపెద్దకు ఒళ్లు మండింది. అసలే ఈ పాస్టరంటే ఆయనకు గిట్టదు. పోయిన ఆదివారం మెట్ల మీది ముష్టివాణ్ణి పాస్టరుగారు లోపలికి పిలవబోతే, “మోకాళ్లు కనబడే ఆ పీలికలతో దేవుడి సన్నిధికా? ఒంటినిండా బట్ట ఉంటే అప్పుడు చూద్దాం” అని గెంటించాడు. “ఇంకొక్క పిచ్చి పని చేశారంటే మీకు బదిలీయే అయ్యగారూ!” అని హెచ్చరించాడు కూడా.

తీరా చూస్తే ఇవాళ అన్నీ పిచ్చి పనులే. అందరూ మోకరించారు, పాస్టరుగారు మోకరించలేదు. దీవెనకు ఒక్క చెయ్యే ఎత్తారు. పసిబిడ్డ కోసం ప్రార్థన చెయ్యడానికి కిందికి దిగి రమ్మంటే, “బిడ్డనే పైకి తీసుకురామ్మా” అన్నారు.

పెద్దకు ఒక్కటే ఊరట. ముందు వరసలో ఎవరో కొత్త పెద్దమనిషి. నున్నగా గీసిన గడ్డం, తడి తల, కత్తిలాంటి మడతతో నల్ల ప్యాంటు. ఆ మడత చూసే పెద్ద ఎదురెళ్లి, “రండి రండి, దయచేయండి” అంటూ తన కుర్చీలోనే కూర్చోబెట్టాడు.

ఆరాధన ముగియగానే పెద్ద విసురుగా వేదిక ఎక్కాడు.

“ఏమిటయ్యగారూ ఈ వేషాలు? ఆ పెద్దమనిషి మన గురించి ఏమనుకుంటాడు? ఆయన్ని చూసైనా నేర్చుకోండి! మెట్ల మీద ఆ ముష్టివాడి పీడ ఇవాళ విరగడైందని సంతోషిస్తుంటే, ఇప్పుడు మీరు తయారయ్యారు. మీ బదిలీకి ఇవాళే రాసి పడేస్తా.”

పాస్టరుగారు అంగీని ఇంకాస్త కిందికి లాక్కున్నారు.

అంతలో పక్క గదిలో పిల్లలకు పాఠం చెప్పి పాస్టరమ్మ వచ్చింది. ముందు వరస దగ్గర టక్కున ఆగిపోయింది. పెద్దమనిషి కాళ్లకేసి చూసింది. మొగుడి కాళ్లకేసి చూసింది.

“ఏమండీ, పొద్దున నేను ఇస్త్రీ చేసిచ్చిన మీ ఒక్కగానొక్క ప్యాంటు మన మెట్ల మీది బాబాయి ఒంటి మీదుందేమిటండీ?”