కాళ్ల వంకే చూసే మనిషి

"మళ్లీ వచ్చాడండీ ఆయన," అన్నాడు పెయింటర్ గొంతు తగ్గించి.

అతని నడుముకు బెల్టు బిగిస్తున్న మెషిన్ ఆపరేటర్ తలెత్తి చూశాడు.

కిటికీ పక్కన, చక్రాల కుర్చీలో, ఎప్పట్లాగే ఆ ముసలాయన.

"కూర్చోనివ్వండి. మనకేం అడ్డం?" అన్నాడు ఆపరేటర్.

పరంజా మీంచి జారిపడ్డాక పెయింటర్‌కి నడుం కింద స్పర్శ లేదు. రోజూ పదకొండింటికి ఈ ఆస్పత్రిలో అతణ్ని ఇనుప కాళ్ల యంత్రంలో, చేతికర్రల ఆసరాతో నిలబెడతారు. యంత్రం అడుగేస్తే అందులో ఉన్న అతని కాళ్లూ అడుగేస్తాయి.

అరగంట నడక. మిగతా రోజంతా మంచమే.

చూడ్డానికి వచ్చేవాళ్లు లేరు. తమ్ముడు మొదట్లో ఆదివారాలు వచ్చేవాడు. తర్వాత ఫోన్లు చేశాడు. ఇప్పుడు అవీ లేవు.

వచ్చేదల్లా ఈ ముసలాయనే. ఆయనైనా మొహం చూడడు, పలకరించడు. కళ్లు రెండూ పెయింటర్ కాళ్ల మీదే.

ఆ రోజు నడక మధ్యలో పెయింటర్‌కి ఒళ్లు మండింది.

"ఏం పెద్దాయనా, ఇక్కడేమన్నా తమాషా జరుగుతోందా?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

"లేదు నాయనా. ఆ నడుం బిగబట్టకు. యంత్రాన్ని దాని మానాన పోనీ."

"ముందు మీరు లేచి నిలబడండి. తర్వాత నాకు చెబుదురుగాని."

బెల్టు పట్టుకుని పక్కనే నడుస్తున్న ఆపరేటర్ ఆగిపోయాడు.

ముసలాయన చక్రాలు తిప్పుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

పెయింటర్ కిటికీ వైపు చూస్తూ నడిచాడు. ఎవరూ కాపురముండని ఇంటికి రంగులు వేస్తున్నట్టుంది ఆ నడక. అరగంట ఎంతకీ తెమలలేదు.

పదిరోజులు చూసి, ఇక ఉండబట్టలేక అడిగాడు.

"ఆ పెద్దాయన ఏ వార్డులో ఉంటారండీ? నోరు జారాను. ఓసారి కలిసి తప్పయిందని చెప్పాలి."

ఆపరేటర్ వంగి మోకాలి పట్టీ సరిచేశాడు.

"శుక్రవారం చనిపోయారండీ."

పెయింటర్ చేతికర్రలు గట్టిగా పట్టుకున్నాడు.

"నేనన్న మాటకా?"

"అయ్యో, కాదు. వెన్నులో క్యాన్సర్ గడ్డ. ఏడాదిగా పాకుతూనే ఉంది. మునుపు పోస్ట్‌మాన్‌గా చేశారు. నా అన్నవాళ్లు లేరు. ఆఖరికి అంత్యక్రియలకు ఇక్కడివాళ్లం ముగ్గురమే వెళ్లాం."

"మరి ఆయన్నీ ఇందులో నడిపించాల్సింది కదా?"

"ఎముకలు గుల్లబారిపోయాయి. నిలబెడితే విరుగుతాయన్నారు డాక్టర్లు."

"ఎక్కలేని యంత్రం దగ్గరికి రోజూ ఎందుకొచ్చేవారు?"

"మీకు చెప్పొద్దన్నారు. తెలిస్తే మొహమాటపడి సరిగ్గా నడవరట మీరు."

"ఏం తెలిస్తే?"

ఆపరేటర్ మీట నొక్కాడు. మోటార్లు గుయ్యిమన్నాయి. పెయింటర్ కుడికాలు నెమ్మదిగా నేల మీంచి లేచింది.

"యంత్రానికి నడక ఎక్కణ్నించి వస్తుందండీ? ఎవరో ఒక మనిషి నడిచి చూపించాలి. మా కంపెనీ షెడ్డులో దీన్ని తయారుచేసేటప్పుడు, కాళ్లనిండా నడక కొలిచే తీగలు అంటించుకుని రెండేళ్లు నడిచింది ఆయనే. మీరు రోజూ వేస్తున్నవి ఆయన అడుగులేనండీ."