కవచం మీద అప్పీలు

"నేను ఒప్పుకోను!" వంటింటి బల్ల మీది ఫోనుకేసి వేలు చూపిస్తూ అంది వర్షిణి. "ఆ షీల్డ్‌లోంచి నా చెయ్యి వెళ్తుంది. తాతయ్య నైట్‌ని నేను హీల్ చెయ్యాలి, అంతే."

"వెళ్లదు బంగారం. హీలింగ్ కూడా మ్యాజిక్కే. షీల్డ్ ఆపేస్తుంది," అంది ఫోనులోంచి సూర్యప్రభ.

వెంకటరమణ గారు కళ్లజోడు సవరించుకున్నారు. జిల్లా జడ్జిగా పదవీ విరమణ చేసిన తనవంటి వ్యక్తి, ఐర్లండులోని లెటర్‌కెన్నీ పట్టణంలో ఒక వంటింట్లో, పాచికల ఆటలో గాయపడిన 'నైట్' అనే యోధుడై, మంత్రకవచం లోపల కూలబడి ఉండవలసి వస్తుందని ఆయన ఎన్నడూ ఊహించలేదు. అయినా చేయగలిగింది లేదు. డాక్టరయిన కూతురు సూర్యప్రభ కోవిడ్ సోకి మేడమీది గదిలో తలుపు వేసుకుంది. అల్లుడు డబ్లిన్‌లో చిక్కుబడి ఉన్నాడు. ఫోనులో కెమెరా పెట్టమ్మా అంటే ఆమె పెట్టదు. ఎలా ఉన్నావని అడిగితే "గ్రాండ్, నాన్నగారూ" అంటుంది. వానకూ గ్రాండే, జ్వరానికీ గ్రాండే అనే ఈ దేశపు మాటను ఆయన సాక్ష్యంగా స్వీకరించలేకపోతున్నారు. పూటకొకసారి ఈ ఆట మాత్రం మానదు: కథ నడిపేది పైనున్న తల్లి, ఆడేది కిందనున్న తాతా మనవరాలూ.

"నా చెయ్యి చిన్నది కదమ్మా. పట్టేస్తుంది," అంది వర్షిణి.

"షీల్డ్‌కి చేతుల సైజుతో పనేమిటే!"

"అయితే రూలు మళ్లీ చదువు. మొత్తం."

"నిన్న చదివాను కదా!"

"మర్చిపోయా."

పైన పేజీలు తిరిగిన చప్పుడయింది. ఇంగ్లీషులో ఉన్న ఆ నిబంధనను తండ్రి సరదా కోసం కోర్టు భాషలో తెలుగు చేస్తూ చదివింది సూర్యప్రభ: "మంత్రకవచం నిలిచి ఉన్నంతసేపు, హాని చేసేదైనా మేలు చేసేదైనా, ఏ మంత్రమూ దానిని దాటి లోపలికి పోజాలదు గాని, కత్తికీ, కండబలానికీ, పాత్రకు పుట్టుకతో వచ్చిన మరే శక్తికీ అది అడ్డు రాదు."

వర్షిణి కళ్లు మూసుకుని, చెవిని దాదాపు ఫోనుకు ఆనించి వింది. ఆనక తల ఎత్తింది.

"ఓకే. షీల్డ్ కింద గొయ్యి తవ్వితే?"

"రాతినేల బంగారం. తవ్వలేవు."

"అయితే గోతుల రూలు చదువు. అదింకా పెద్దది."

వెంకటరమణ గారి సహనం నశించింది. చేయి చాచి ఫోను మ్యూట్ చేశారు.

"అమ్మాయీ, తీర్పు వెలువడిన తరువాత అదే వాదనను తిప్పి తిప్పి వినిపించడం మర్యాద కాదు. అమ్మకు ఒంట్లో బాగాలేదు. ఆమెను విశ్రాంతి తీసుకోనివ్వాలి."

"ఇంకొక్క రూలు, తాతయ్యా. ప్లీజ్."

"ఒక్కటి కూడా వద్దు."

పిల్ల పెదవి వణికింది. ఓటమిని ఓర్చుకోలేకపోతున్నది, పాపం, అనుకున్నారాయన. అయితే ఇంత చురుకైన పిల్ల గోతులూ చేతుల సైజులూ పట్టుకుని వేలాడుతున్నదే తప్ప, ఎదురుగా ఉన్న అసలు వాదన దానికెందుకు తట్టలేదో ఆయనకు బోధపడలేదు. ఉద్యోగమున్నంత కాలమూ ఏ పక్షమూ వహించని వెంకటరమణ గారు, ఆ క్షణాన మనవరాలి పక్షం వహించారు. మ్యూట్ తీసి గొంతు సవరించుకున్నారు.

"సూర్యా, నాదొక మనవి."

"సెలవియ్యండి, జడ్జిగారూ," అంది కూతురు నవ్వుతూ.

"నీ నిబంధన ఆపుతున్నది మంత్రాన్ని. పుట్టుకతో వచ్చిన శక్తిని ఆపదని నీవే చదివావు. వర్షిణి పాత్ర మంత్రమేదీ జపించడం లేదు. గాయాలు మాన్పే గుణం దాని చేతికి పుట్టుకతోనే ఉందని ఆట మొదలుపెట్టిన నాడు చెప్పినదీ నీవే."

వర్షిణి ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "తాతయ్యా, వద్దు..."

"నీవు ఆగమ్మా. కాబట్టి ఆ చేతికి కవచం అడ్డు కాదు. నీ తీర్పు చెల్లదు."

సూర్యప్రభ గట్టిగా నవ్వింది. "ఒప్పుకుంటున్నాను నాన్నగారూ! చెయ్యి లోపలికి వెళ్లింది, మీ నైట్ బతికాడు. ఇక ఈ షీల్డ్ గొడవ మళ్లీ ఎత్తకూడదు, సరేనా? నిద్ర ముంచుకొస్తోంది. ఉంటాను బంగారం."

వెంకటరమణ గారు విజయగర్వంతో మనవరాలి వైపు తిరిగారు. వర్షిణి కళ్లనిండా నీళ్లు.

"అదేమిటమ్మా? గెలిపించాను కదా!"

"ఎందుకు గెలిపించారు? ఆ పాయింట్ నాకు ఎప్పుడో తెలుసు. కావాలనే చెప్పలేదు."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే అమ్మ ఇంక ఆ రూలు చదవదుగా!" వర్షిణి ముంజేతితో ముక్కు తుడుచుకుంది. "పొడుగు సెంటెన్స్ ఆగకుండా చెప్పగలిగితే పేషెంట్ లంగ్స్ ఓకే అని అమ్మే అంటుంది... నిన్న ఆ రూలు చదువుతూ ఊపిరి కోసం మధ్యమధ్యలో ఆగింది, తాతయ్యా. ఇవాళ ఎక్కడా ఆగలేదు."