రెండో ఆస్పత్రి కాగితం

మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. ఆరోగ్య బీమా సంస్థ కార్యాలయం, మూడో అంతస్తు గది. హాజరైనవారు: అధికారి, సలహాదారు డాక్టరు, గుమాస్తా. ఎదుటి కుర్చీలో, అర్జీ తెచ్చిన ఒక వృద్ధుడు.

“రోగి మీకేమవుతుంది?” అధికారి అడిగాడు.

“ఏమీ కాదండీ. మా కింది వాటాలో ఉంటుంది. బట్టలు కుడుతుంది. మూర్ఛ జబ్బు.”

“బీమా కింద జనరిక్ మాత్రలు ఇస్తూనే ఉన్నాంగా?”

“రోజుకు మూడు వేసుకుంటోంది. రాత్రి వేసుకున్నదాని పవరు తెల్లారేసరికి తగ్గిపోతోంది. ఫిట్స్ వచ్చేది సరిగ్గా అప్పుడే. కొత్త బ్రాండు మాత్ర అయితే రోజంతా మెల్లగా పనిచేస్తుంది.”

డాక్టరు నవ్వాడు. “రెండింట్లోనూ మందు ఒకటే, తాతగారూ. పైపూత మార్చారు, ధర పన్నెండింతలు చేశారు.”

“నిజమేనండీ. చాలామందికి పాతదే చాలు, కొత్తది దండగ. ఈమెకే చాలడం లేదు.”

“కంపెనీవాళ్లు మీకెంత ముట్టజెప్పారేమిటి?” అన్నాడు అధికారి.

గుమాస్తా కిసుక్కుమన్నాడు.

“ఆ చౌక మాత్ర చేసిన మహానుభావుడెవరో గానీ, అతని కడుపు చల్లగా ఉండాలి,” అన్నాడు డాక్టరు. “లక్షలమంది దాని పుణ్యమా అని బతుకుతున్నారు. వంకలు పెట్టడానికి, దాని గురించి మీకేం తెలుసండీ?”

“కొంచెం తెలుసు.”

అధికారి నిబంధన చదివాడు. జనరిక్ వాడుతూ రోగి రెండుసార్లు ఆస్పత్రిలో చేరినట్టు కాగితాలుంటేనే బ్రాండు మందుకు అనుమతి.

“మీరు తెచ్చింది ఒక్కటే. రెండోది పట్టుకురండి, ఆ రోజే సంతకం పెట్టేస్తాను.”

“రెండోసారి పడితే లేస్తుందో లేదోనండీ.”

“రూలు నేను రాయలేదు కదా.”

ఏప్రిల్ ఎనిమిది, మంగళవారం. అదే గది, అదే ముగ్గురు. వృద్ధుడు వట్టి చేతులతో వచ్చాడు.

“రెండో కాగితం ఏదండీ?”

“లేదు. మొన్న తెల్లవారుజామున కుట్టుమిషను పక్కనే పడిపోయింది. ఆస్పత్రి దాకా తీసుకెళ్లే పని లేకపోయింది.”

కిటికీ అవతల ఎవరో వాహనం వెనక్కి తీస్తున్నారు.

అధికారి సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. “అయితే... ఉపసంహరణ పత్రం రాసివ్వండి. అర్జీ పెండింగులో ఉండకూడదు.”

వృద్ధుడు ఫారంలోని గడులన్నీ ఓపికగా నింపాడు. సంతకం చేశాడు. కుర్చీని బల్ల కిందికి జరిపి వెళ్లిపోయాడు.

గుమాస్తా దాన్ని మడవబోయి ఆగి, డాక్టరు ముందుకు తోశాడు.

డాక్టరు చదివాడు. తిరిగి ఇచ్చేశాడు.

వృత్తి అన్న గడిలో “విశ్రాంత రసాయన శాస్త్రవేత్త, రోగి వాడిన జనరిక్ మాత్రను రూపొందించినది నేనే” అని రాసి ఉన్న ఆ కాగితాన్ని గుమాస్తా నాలుగు మడతలు పెట్టి ఫైలులో ఉంచాడు.