గుట్టమీది మూతలు

ముప్ఫయ్యో మూత ఎత్తి చూసింది తమిళ్‌సెల్వి. అందులోనూ సాలీడు కాళ్ళు ముడుచుకుని చచ్చి పడుంది.

హనుమంతప్ప పక్కనే నిలబడి చూస్తున్నాడు. అత్తిముగం దగ్గరి ఈ గుట్టమీద నలభై ఏళ్ళుగా మేకలు కాస్తున్నాడు. ఈ సాలీడు మట్టిలో బొరియ చేసుకుని, పైన రూపాయి బిళ్ళంత మట్టిమూత బిగించుకుంటుంది. ఎంత వెతికినా ఆ మూత కంటికి ఆనదు. పోయిన నెల సాలీళ్ళ సర్వేకి వచ్చిన తమిళ్‌సెల్వికి ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపింది ఆయనే.

వెనకాల ఒక మేక బండకేసి ఒళ్ళు రుద్దుకుంటోంది. పిడుదులు పట్టినట్టున్నాయి, మందు పూయలేదా అని అడిగిందామె. అయిపోయిందన్నాడు.

"ఎవరో బొరియల్లో మందు పోసినారప్పా. క్వారీవాళ్ళే అయుంటారు," అంది తమిళ్‌సెల్వి.

"ఏ క్వారీ?"

ఊళ్ళో గోలవుతుందని ఆమె ఇన్నాళ్ళూ దాచింది. ఇక దాచి చేసేదేముందని చెప్పేసింది. గుట్టను రాళ్ళ క్వారీకి ఇచ్చేస్తున్నారు. ఈ జాతి సాలీడు ఇంకెక్కడా దొరకలేదు. మధ్యాహ్నం వచ్చే అధికారులకు ప్రాణంతో ఒక్కటి చూపించినా క్వారీ ఆగిపోయేది.

హనుమంతప్ప మేకలవైపు చూశాడు. "పురుగు దొరికితే కంచె ఏసి మేకల్ని తరిమేస్తారని సూళగిరి టీ అంగట్లో అన్నారే అమ్మా?"

"ఎవరన్నారు? మేకలు గడ్డిని పొట్టిగా మేయబట్టే ఇవి ఈడ బతికినాయి. మేకలు ఉండాల్సిందేనని నేనే రాసిచ్చినాను."

ఆయన బండ దగ్గరికి పరిగెత్తాడు. మోకాళ్ళమీద కూలబడి, గోటితో ఒక మూత ఎత్తాడు. ముప్ఫయ్యొకటోది. ఆమె కూడా ఆశగా వంగి చూసింది. అదీ చచ్చింది.

ఇంకెక్కడైనా ఉన్నాయా అని అడిగింది. లేవన్నాడు. మేకల్ని రేపు యాడికి తోలుకుపోయేదని తనలో తానే గొణుక్కున్నాడు. ఊరి చుట్టూ మేపు మిగిలింది ఈ గుట్టమీదే.

తమిళ్‌సెల్వికి ఏడుపొచ్చింది. "ఈ పని చేసినోళ్ళ చేతులు పడిపోనీ."

హనుమంతప్ప రెండు చేతులూ పంచెకు తుడుచుకున్నాడు.

పిడుదుల మందు సీసా మొన్న ఈ బొరియల్లోనే ఖాళీ చేశాడు.