కిటికీ బయటి సలహా

"సార్, ఆ సెట్టింగులు పిల్లోళ్ళకు అందకుండా సేసేయండి."

కిటికీ బయటి నుంచి మాట వినబడి సంపత్కుమార్ తలెత్తాడు.

ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. మాసిన చొక్కా, విరిగిన కుడిచేతికి పుత్తూరు కట్టు. కట్టు కట్టించుకోను ఊళ్ళోకొచ్చి, తిరుగు బస్సుకు టైముందని బడిలోకి దూరినట్టున్నాడు.

అయిదేళ్ళుగా కంప్యూటర్ సారుగా ఉన్న తనకు దారిన పోయేవాడు పాఠం చెప్పడమా? సంపత్కుమార్‌కు ఒళ్ళు మండింది.

"ఏ సెట్టింగులప్పా?"

"అకౌంట్లవి. ఒకరి పాస్‌వర్డు ఇంకొకరు మార్చేస్తా ఉండారు, నేను సూస్తానే ఉండాను. ఇట్లే వదిలితే ఎవురి అకౌంటైనా తీసిపారేస్తారు. లోపల పెట్టుకున్న పనంతా పోతాది."

మాట నిజమే. వారం నుంచీ పిల్లలకు అదే ఆట. ఎలా ఆపాలో మాత్రం సంపత్కుమార్‌కు తెలియదు. మామగారి సిఫారసుతో వచ్చిన ఉద్యోగం, టైపింగు తప్ప ఇంకేదీ అంతగా రాదు. ఆ సంగతి పిల్లల ముందు ఒప్పుకుంటే పరువేం కాను?

"పిల్లలన్నాక ఆడుకోరా? నీకెందుకు?"

"రెండు నిమిషాల పని సార్. ఎడంచేత్తో అయినా నేను సేసిపెడతా."

"ఓహో, ఉద్యోగం కోసమా? ఈడ ఖాళీల్లేవు."

ఆ మనిషి ముఖం చిన్నబోయింది.

"తెలుసు సార్," అన్నాడు మెల్లిగా, కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయిని చూపిస్తూ. "ఈ పాప మూడు నెలల పని దీంట్లో పెట్టుకోనుండాదంట. దాన్నన్నా సీడీలోకి ఎక్కించి పెట్టండి."

"పోతావా, వాచ్‌మన్‌ను పిలవమంటావా?"

అతను పోయాడు. పిల్లలు కిసుక్కుమన్నారు.

నవ్వనిది రేవతి ఒక్కతే. ఆ పాప ఆమే. వేరుశెనగ తెగుళ్ళ గురించి ఊరూరా రైతులను అడిగి, బొమ్మలు గీసి, పోటీకి కంప్యూటర్‌లో పాఠం తయారుచేసింది. తిరుపతిలో గెలిస్తే ఇంటర్ చదువు ఒక ట్రస్టు చూసుకుంటుంది. లేకుంటే పదితో సరి అని వాళ్ళ నాయన ముందే తేల్చేశాడు.

మర్నాడు ఉదయం ఆమె కంప్యూటర్ తెరిస్తే తెరమీద తన పేరే లేదు.

ఎవడో సరదాకి అకౌంటు తీసేశాడు. ఫైళ్ళు కూడా తీసేయాలా అని అది అడిగితే, సరే అని నొక్కాడట.

"నా పని యాడికి పోయింది సార్?"

సంపత్కుమార్ మధ్యాహ్నం దాకా మౌసుతో కుస్తీ పట్టాడు. ఏదీ తిరిగి రాలేదు. పోటీ రేపే.

రేవతి వెక్కివెక్కి ఏడ్చింది. సాయంత్రం వాళ్ళ నాయన వచ్చి, "చదివింది చాల్లే, పద," అని తీసుకుపోయాడు.

అప్పుడు గుర్తొచ్చాడు కట్టు మనిషి. అతనైతే ఏమైనా చేయగలడేమో. సంపత్కుమార్ సిగ్గు విడిచి కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి పరిగెత్తాడు. నిన్నటిదే చివరి కట్టు, ఇంక రాడన్నారు. ఏ ఊరో రాసుకోలేదన్నారు.

తిరిగొచ్చేసరికి ముసలి అటెండరు గంగులమ్మ ల్యాబుకు బీగం వేస్తోంది.

"నిన్న కిటికీకాడ చేతికట్టుతో ఒకాయన నిలబడినాడు. ఎవరో తెలుసా గంగులమ్మా?"

ఆమె అతనికేసి వింతగా చూసింది.

"ఏకాంబరం సారు. ఇంటింటికీ తిరిగి సందాలడిగి ఈ పది కంప్యూటర్లూ తెచ్చినాడు. ఆయన్ను తీసేసి గదా సార్, మీకీ ఉద్యోగమిచ్చింది."