పేరు మార్చిన ఫైలు

"ఈ ఫొటో నీ కెమెరాతో తీసింది కాదు," అంటూ మదాం సుహేర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఈజిప్టులోని పోర్ట్ సయీద్ ఊరి ఫొటోల పోటీకి ఆవిడే పెద్ద తీర్పరి.

వజ్దీ పెళ్లిళ్లకు ఫొటోలు తీసే కుర్రాడు. గెలిస్తే ఏడాదిపాటు అతని పేరుతో పడవల రేవు గోడకెక్కాల్సిన ఫొటో అది. పడవలో నువ్వుల రొట్టెలమ్మే ముసలమ్మ విసిరిన ముక్కను సముద్రపు పక్షి గాల్లోనే అందుకుంది. ఆ క్షణాన వజ్దీ ఒక్కసారే నొక్కాడు. రెండోసారి నొక్కబోయేసరికి పక్షీ లేదు, రొట్టే లేదు.

"నేనే తీశాను మదాం!"

"నీ కెమెరా కొత్తది. నువ్విచ్చిన 'రా' ఫైలు, అదే, కెమెరా నేరుగా దాచే ముడి ఫైలు లోపల ఏనాటిదో పాత కెమెరా పేరుంది. ఎవరిది కొట్టుకొచ్చావు?"

వజ్దీ నసిగాడు. "కొత్త కెమెరా ఫైళ్లు నా పాత సాఫ్ట్‌వేర్‌కి గిట్టవు మదాం. తెరవనంది. అందుకని ఫైల్లో కెమెరా పేరు చెరిపి, దానికి తెలిసిన పాత పేరు రాశాను. టక్కున తెరుచుకుంది."

కంప్యూటర్ల సంగతి చూసే హైథమ్ పగలబడి నవ్వాడు. "గుమ్మంలో ఆపితే పక్కింటాయన పేరు చెప్పుకుని పెళ్లిభోజనానికి దూరావన్నమాట! మరి అసలు ఫైలేదీ?"

"దాని మీదే రాశాను."

"కాపీ పెట్టుకోలేదూ? పోనీ, కెమెరాలోని కార్డు?"

"తుడిచేసి ఓ పెళ్లికి వాడేశాను."

ఒక్క కాపీ! ఆ రోజు తన తెలివికి తానే మురిసిపోయి, రెండు గ్లాసుల టీ తాగాడేగానీ, ఆ ఒక్క పనీ చేయలేదు. ఇప్పుడు తలబాదుకుని ఏం లాభం?

"ఫొటో బాగుంది కాబట్టి అరగంట ఆగుతాను," అంది మదాం. "ఆ ముసలమ్మ వచ్చి చెప్తే నమ్ముతాం."

వజ్దీ రేవుకి పరుగెత్తాడు. అందరూ గౌరవంగా హాజ్జా అని పిలిచే ఆ ముసలమ్మ బదరియ్యా, రొట్టెల గంపతో సహా కదిలింది. "నీ ఫొటో నీది కాదన్నదెవర్రా? పద, నేను చెప్తాగా!"

వస్తూనే గంప దించింది. "వీడే తీశాడమ్మా. ఆ శాలువా నాది, ఆ బోసినోరూ నాదే!"

అందరూ నవ్వారు. హైథమ్ కాగితం తీసి మొదటి బహుమతి ఎదుట వజ్దీ పేరు రాశాడు. చేయించి తీసిన ఫొటోలు పోటీకి చెల్లవు; 'చెప్పి చేయించి తీసినది కాదు' అన్న గడి దగ్గర అతని కలం ఆగింది.

"అది అడగక్కర్లేదులే," అంది మదాం. "అలాంటి క్షణం చేయిస్తే వస్తుందా? కుర్రాడి అదృష్టం, అంతే."

కన్నబిడ్డ కష్టాన్ని తీసిపారేసినంత కోపం వచ్చింది హాజ్జాకి.

"అదృష్టమేంటమ్మా! పొద్దుట్నుంచీ పొద్దుగూకేదాకా నన్ను పడవలో అటూ ఇటూ తిప్పి, నాచేత ఇరవై రొట్టెలు విసిరిస్తేగానీ రాలేదు నా తండ్రికి ఈ ఫొటో!"